ఇవాగామి నడక

షుంగో గుమ్మం దగ్గరే కూలబడ్డాడు. కుడికాలి బూటు ఎలాగో విప్పుకున్నాడు. ఎడమకాలి వైపు వంగడం అతనివల్ల కాలేదు.

“తలుపేసి లోపలికి రా. చలి కొడుతోంది,” అంది చినాత్సు వంటింట్లోంచి.

జవాబు రాలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. బయట ఫిబ్రవరి గాలి. భర్త నుదుటి మీద మాత్రం చెమట. ఆమె మోకాళ్ల మీద కూర్చుని లేసు విప్పి, బూటు పట్టి లాగింది. షుంగో పళ్లు బిగించాడు. బూటులోంచి ఏదో జారి నేలమీద టక్కున పడింది.

మడమ ఆకారంలో అరగదీసిన చెక్కముక్క.

“ఏంటిది?”

“మడమ కింద పెట్టుకుంటున్నా. ఎడమకాలు కాస్త ఆలస్యంగా పడుతుందని.”

“ఎప్పట్నుంచి?”

“అభిమానులకి సినిమా చూపించారు చూడు, ఆ మర్నాటి నుంచి.”

“నెలరోజులుగానా! నెలరోజులుగా ఇది పెట్టుకుని దూకుతున్నావా, పడుతున్నావా?”

“అరవకు. గురువుగారు వింటారు.”

“వినాలనే అరుస్తున్నా.”

ఆమె చెక్కముక్కను తీసుకుని విసురుగా ముందుగదిలోకి వెళ్లి, భోజనం చేస్తున్న తండ్రి గిన్నె పక్కన పెట్టింది.

“చూడు నాన్నా. నువ్వు నేర్పనన్నావు. ఇది నేర్పుతోంది.”

మకిమురా రెన్‌జీ దాన్ని చాలాసేపు చూశాడు. ఆ ఇంట్లో అతనొక్కడే కుర్చీలో కూర్చుని తింటాడు. తుంటిలో లోహపు కీలు వేసినప్పటి నుంచి నేలమీద కూర్చోలేడు. భార్య ఫుసయే అతని పులుసు గిన్నె ఎప్పుడూ కుడివైపే పెడుతుంది, ఒళ్లు తిప్పక్కర్లేకుండా. ఇన్నేళ్లలో ఒక్కపూట కూడా ఆమె మర్చిపోలేదు. పెట్టినట్టు ఆమె చెప్పలేదు, గమనించినట్టు అతను చెప్పలేదు.

“తీసెయ్యమను,” అన్నాడు రెన్‌జీ.

“అంతేనా?”

“అంతే.”

ఇరవై ఏళ్ల కిందట ‘ఇవాగామి’ సినిమా వచ్చినప్పుడు ఆ రాతివీరుడి కవచం లోపల ఉన్న మనిషి రెన్‌జీ. ముఖం కనిపించే హీరో వేరు. పోస్టర్ల మీదా, పిల్లల పెన్సిల్ డబ్బాల మీదా, బిస్కట్ పొట్లాల మీదా ఆ హీరో ముఖమే. కానీ కవచం తొడిగిన క్షణం నుంచి కొట్టినా, పడినా, లేచినా, నడిచినా అంతా రెన్‌జీయే. ఆ వృత్తిలో ఇలాంటి వాళ్లను లోపలి మనిషి అంటారు.

ఇప్పుడు రెండో సినిమా తయారైంది. లోపలి మనిషి షుంగో. రెన్‌జీకి శిష్యుడు, ఆ తర్వాత అల్లుడు.

అభిమానులకు ముందుగా వేసి చూపించారు; వాళ్లకు నచ్చని సీన్లు కొన్ని ఆ తర్వాత మళ్లీ తీస్తున్నారు. పోరాటాలకు ఈలలు వేశారు, మంటలకు చప్పట్లు కొట్టారు. చివరి దృశ్యం దగ్గరికి వచ్చేసరికి హాల్లో దగ్గులు వినపడ్డాయి. ఒకడెవడో ఫోను తీసి చూసుకున్నాడట. మొదటి సినిమాలోనూ ఆఖరున అదే దృశ్యం. శత్రువు చచ్చాక వానలో, పొడవాటి ఇనుప వంతెన మీద ఇవాగామి ఒంటరిగా నడిచి వెళ్లిపోతాడు. పాట లేదు, మాట లేదు. ఒక్క నడక. అది చూసినవాళ్లు మిగతా సినిమా మర్చిపోయినా అది మర్చిపోలేదు.

“ఆ అభిమానులు ఏం రాశారో తెలుసా?” అంది చినాత్సు. “‘వీడు ఇవాగామి కాదు, రాతిరంగు పూసుకున్న డ్రిల్లు మాస్టారు’ అని రాశారు. నా మొగుడి గురించి.”

“డ్రిల్లు మాస్టార్లు మంచివాళ్లే,” అన్నాడు రెన్‌జీ.

“నీకు నవ్వులాటగా ఉంది.”

“లేదమ్మా.”

షుంగో గోడ పట్టుకుని వచ్చాడు. అలవాటు ప్రకారం మోకాళ్లు మడిచి కూర్చోబోయాడు. ఎడమకాలు మడత పడలేదు. దాన్ని పక్కకు చాపుకుని కూర్చున్నాడు. గురువు ముందు కాలు చాపడం అతని జీవితంలో అదే మొదటిసారి.

“క్షమించండి, గురువుగారూ.” పెళ్లయి ఇన్నేళ్లయినా మామయ్యగారూ అని పిలవడం అతనికి నోరు తిరగలేదు.

“కాలికేమైంది?”

“బెణికింది.”

“ఎక్కడ?”

“పైన... తొడ మొదట్లో.”

రెన్‌జీ, ఫుసయే ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చూసుకోకుండా ఉండటం ఇద్దరికీ కష్టమైంది. ఫుసయే లేచి, అడక్కుండానే వేడినీళ్ల సీసా తువ్వాలులో చుట్టి తెచ్చి అల్లుడి నడుము పక్కన పెట్టింది.

“బుధవారం వంతెన సీను మళ్లీ తీస్తున్నారు,” అన్నాడు షుంగో. “ఈసారీ కుదరకపోతే ఆ సీనే తీసేస్తారట. మూడో సినిమాకి వేరేవాణ్ణి చూసుకుంటారట. కంప్యూటర్లో కూడా నడిపించి చూశారు.”

“ఎలా ఉంది?”

“బాతు పెళ్లికి వెళ్తున్నట్టు ఉంది.”

ఎవరూ నవ్వలేదు. చినాత్సుకు నవ్వు వచ్చింది గాని, ఆ నవ్వును కోపం మింగేసింది.

“మొదటిది ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు గురువుగారూ. ముందు భుజం కదులుతుంది. తల కదలదు. ఎడమకాలు లేవదు, వెనకాల వస్తుంది. నేలమీద పెట్టేముందు ఒక్క క్షణం ఆగుతుంది, ఎవరినో అడిగి పెడుతున్నట్టు. ఇవన్నీ చేస్తున్నా. ఒక్కటీ వదల్లేదు. అయినా నాది చూస్తుంటే వీడు నడుస్తున్నాడు అనిపిస్తుంది. మీది చూస్తుంటే...”

“నాది చూస్తుంటే?”

“ఊరంతా ఆయన వీపు మీద ఉందనిపిస్తుంది.”

రెన్‌జీ చేతిలోని తినే పుల్లలను గిన్నె మీద అడ్డంగా పెట్టాడు.

“రెండో సినిమానే బాగుంది,” అన్నాడు. “మాటవరసకి కాదు. నేను పడితే బియ్యం బస్తా పడ్డట్టు ఉండేది. నువ్వు పడితే కొండరాయి దొర్లినట్టుంది. నా కవచంలో ముక్కు దగ్గర రెండు చిల్లులు, వాటిలోంచే చూడాలి. గోడ ఎక్కడుందో తలకి తగిలాక తెలిసేది. నువ్వు చూసి కొడుతున్నావు, తేడా తెలుస్తోంది. మొదటిదాంట్లో కథేముంది? ఒక ఆనకట్ట, దాన్ని పగలగొట్టాలని ఓ నలుగురు వెధవలు. దీంట్లో ఆ తల్లి కథ ఉంది. మీ అత్తయ్య ఏడ్చింది.”

“ఏడ్చాను,” అంది ఫుసయే.

“పొగిడి తప్పించుకోకు నాన్నా,” అంది చినాత్సు. “అది నేర్పమంటున్నాడు, చూసి ఏడవమనట్లేదు.”

“అందులో కిటుకేమీ లేదమ్మా.”

“లేదా? ఆ కాలేజీ మాస్టారు ఈ నడక మీద పుస్తకం రాస్తానని వచ్చినప్పుడు లేదని ఎందుకు చెప్పలేదు? ‘బాధ్యత బరువు మనిషి తుంటిలో ఉంటుందని మీరు కనిపెట్టారు’ అని ఆయన అంటుంటే తలాడిస్తూ కూర్చున్నావుగా! మిఠాయి పెట్టావు, ఫొటో దిగావు!”

రెన్‌జీ గిన్నె మీది పుల్లలను సరిచేశాడు.

“నీకు అసూయ.”

“చినాత్సూ!” అంది ఫుసయే.

“ఉండమ్మా, అననీ. మొదటిదే గొప్పదనిపించుకోవాలంటే రెండోది పాడవ్వాలి. అంతేగా? నా తాడు మీద కాలేసి నువ్వు పడ్డావు. నీ పని పోయింది. పన్నెండేళ్ల వయసు నుంచి అది మోస్తున్నాను నేను. శిక్షించాలంటే నన్ను శిక్షించు. ఇతన్ని కాదు.”



మొదటి సినిమా పూర్తయిన కొద్దిరోజులకు రెన్‌జీ ఇంట్లో మెట్ల మీద జారిపడ్డాడు. మెట్టు మీద చినాత్సు ఆడుకునే స్కిప్పింగ్ తాడు ఉంది. తుంటి విరిగింది. మళ్లీ కవచం తొడగలేదు. ఆ ఇంట్లో చెప్పుకునే సంగతి అది. తండ్రి ఆమెను ఒక్కమాట కూడా అనలేదు. అని ఉంటే తన ప్రాణానికి సుఖంగా ఉండేదని చినాత్సు చాలాసార్లు అనుకుంది.

రెన్‌జీ పెదవులు కదిలాయి. కూతురి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. కర్ర అందుకుని లేచాడు.

“చెక్కముక్క పారెయ్యి షుంగో,” అన్నాడు. “నా మాట విను.”

అతను తన గదిలోకి వెళ్లి తలుపు మూసుకున్నాడు. ఫుసయే అతను సగం తిన్న చేప మీద పళ్లెం బోర్లించి, చల్లారిన పులుసును మళ్లీ పొయ్యి మీదికి చేర్చింది.

*

మర్నాడు ఆదివారం. పొద్దున్నే దర్శకుడు అకుత్సు వచ్చాడు. ఎర్ర చిక్కుడు మిఠాయి పెట్టెను రెండు చేతులతో ముందుకు జరిపి, నుదురు చాపకు తాకేలా వంగాడు.

మొదటి సినిమాలో అతను అందరికన్నా చిన్న సహాయకుడు. రెన్‌జీ తలకు రాతి శిరస్త్రాణం తగిలించి మెడ వెనక కొక్కేలు బిగించడం, తీయడం, షాటుకూ షాటుకూ మధ్య గొడుగు పట్టడం అతని పని. ఇప్పుడు రెండో సినిమాకు అతనే దర్శకుడు. జుట్టు నెరిసింది. వంగడంలో మాత్రం తేడా రాలేదు.

“ఎంత పెద్దవాడివైపోయావు అకుత్సూ. ఇంకా ఈ వంగడమేమిటి?”

“మీ ముందు నేనింకా గొడుగు కుర్రాణ్ణే, మకిమురా గారూ.”

“అప్పుడు గొడుగు నీ మీదే పట్టుకునేవాడివి. నా మీద వాన పడేది.”

“మీరు రాయి కదా, తడిస్తే ఏమవుతుందిలే అనుకునేవాణ్ణి.”

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

“బుధవారం మీరు రావాలి,” అన్నాడు అకుత్సు. “షుంగో ఒళ్లు దాచుకోడు. నాకు తెలుసు. వాడు ఏ పనైనా చేస్తాడు. కానీ కెమెరాలో చూస్తే ఏదో తక్కువవుతోంది. నాకు పేరు పెట్టడం రావట్లేదు. మీరు వచ్చి కూర్చోండి. రెండు మాటలు చెప్పండి. చాలు.”

“కిటుకేమీ లేదు.”

“సినిమా మొదట్లో పేర్లు పడతాయి కదా. ముఖం కనిపించే హీరో పేరు పడ్డ వెంటనే మీది. ‘నడక: మకిమురా రెన్‌జీ’. తెర మీద ఇంకే పేరూ ఉండదు.”

మొదటి సినిమాలో రెన్‌జీ పేరు చిట్టచివర, మధ్యాహ్నం భోజనం డబ్బాలు పంపినవాళ్ల పేర్ల పక్కన పడింది. హాల్లో అందరూ లేచి కోట్లు తొడుక్కుంటున్న సమయంలో. ఫుసయే ఒక్కతే చివరిదాకా కూర్చుని చూసింది.

రెన్‌జీ మోకాలి మీది గుడ్డను అరచేత్తో సాపు చేశాడు. మళ్లీ చేశాడు.

“నాదొక్కటేనా?”

“మీదొక్కటే.”

“నల్లటి తెర మీద?”

“వాన శబ్దం ఉంటుంది.”

అతని కళ్లలో చాలా ఏళ్లుగా కనపడని వెలుగొకటి వచ్చింది. అప్పుడే టీ తెచ్చిన ఫుసయే అది చూసింది. చూసి ఆమె గుండె కరిగింది. కరిగినా కప్పులు పెట్టాక లేచి వెళ్లలేదు.

“సరే,” అన్నాడు రెన్‌జీ. “వస్తాను.”

“వచ్చి ఏం చెప్తారు?” అంది ఫుసయే.

“ఏముంది, చూసి...”

“ఏం చెప్తారండీ? కాలు ఎలా పెట్టాలో చెప్తారా? ఎముక ఎక్కడ విరగ్గొట్టుకోవాలో చెప్తారా?”

“ఫుసయే. నువ్వు లోపలికి వెళ్లు.”

“ఇరవై ఏళ్లు లోపలే ఉన్నాను.”

ఆమె గొంతు పెంచలేదు. ట్రేను ఒళ్లో పెట్టుకుని, దాని అంచును గట్టిగా పట్టుకుని అకుత్సు వైపు తిరిగింది.

“ఆనకట్ట మీంచి దూకే సీను ఉంది కదా బాబూ. నడుముకి కట్టిన తీగ ఓ పక్కకి లాగేసింది. ఈయన తుంటి మీద పడ్డారు. లేచి, బాగానే ఉన్నానని చెయ్యి ఊపారు. మీరంతా తర్వాతి షాటుకి వెళ్లిపోయారు. ఆ రోజు ఇంటికి పాక్కుంటూ వచ్చారు.”

“చాలు,” అన్నాడు రెన్‌జీ.

“కవచం ఈయన ఒంటి అచ్చు తీసి పోసింది. ఇంకొకడికి పట్టదు. లోపలి మనిషి మంచమెక్కితే సినిమా మంచమెక్కుతుందన్నారు. అంతమంది పని పోతుందన్నారు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. రోజూ తెల్లారి తెల్లగుడ్డ చుట్టేదాన్ని, నడుము నుంచి తొడ దాకా. ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అనేవారు. నోట్లో తువ్వాలు కుక్కుకునేవారు. అలా వెళ్లి ఆ వంతెన మీద నడిచారు. బాధ్యత బరువంట! అది నడక కాదు బాబూ. విరిగిన ఎముక.”

అకుత్సు తల ఎత్తలేదు. అతని కప్పులోంచి ఆవిరి లేస్తూనే ఉంది.

“అయితే నా తాడు?”

చినాత్సు మెట్ల కింద నిలబడి ఉంది. చేతుల్లో ఉతికిన బట్టల బుట్ట.

రెన్‌జీ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

“అమ్మా, నా తాడు?”

“అప్పుడు నీ తాడు పెరట్లోనే ఉంది,” అంది ఫుసయే. “కొక్కేనికి వేలాడుతూ ఉంది. సినిమా అయిపోయాక స్టూడియో మనిషి పరామర్శకి వచ్చాడు. మెట్ల మీద జారారని చెప్పాను. మెట్ల మీద ఎందుకు జారుతారమ్మా అన్నాడు. నోటికి నీ తాడు వచ్చింది. నువ్వు తలుపు వెనకాల నిలబడి ఉన్నావని నాకు తెలీదు.”

“తర్వాత తెలిసిందా?”

ఫుసయే కళ్లు దించుకుంది. “తెలిసింది.”

“తెలిసి కూడా చెప్పలేదు.”

“చెప్తే నువ్వు బళ్లో ఎవరితోనైనా అంటావని...”

చినాత్సు బుట్టను కింద పెట్టి, ఆఖరి మెట్టు మీద మెల్లిగా కూర్చుంది. ఏడవలేదు. ముప్పై దాటిన ఆ ముఖంలో పన్నెండేళ్ల పిల్ల వచ్చి నిలబడ్డట్టు ఉంది.

“తాడు ఆడటం మానేశావు,” అన్నాడు రెన్‌జీ. “చూశాను. నువ్వు వీధి గడపలో కూర్చునేదానివి, మిగతా పిల్లలు ఆడుతుంటే. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నాను.”

“అవునా.”

“అవునమ్మా.”

అప్పుడు మెట్ల పైనుంచి షుంగో గొంతు వినపడింది. “అయితే కిటుకేమీ లేదన్నమాట.”

అతను ఎంతసేపటి నుంచి అక్కడున్నాడో తెలియదు. కమ్మీ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ దిగాడు. ముఖం పాలిపోయి ఉంది. కాని అందులో బాధ లేదు. ఎన్నాళ్లుగానో వెతుకుతున్నది దొరికినవాడి ముఖంలా ఉంది.

“లేదని నిన్ననే చెప్పాను,” అన్నాడు రెన్‌జీ.

“చెప్పారు. నాకే ఎక్కలేదు.” షుంగో భార్యను దాటుకుంటూ ఆమె తలమీద ఒక్కసారి చెయ్యి వేసి, గది మధ్యకు వచ్చాడు. “నేను చేస్తున్న తప్పేంటో ఇప్పుడు తెలిసింది గురువుగారూ. నేను కుంటాలని చూస్తున్నా. మీరు కుంటకూడదని చూశారు. నేను అది కనిపించాలని నడుస్తున్నా. మీరు కనిపించకూడదని నడిచారు. మొదటిదానికీ రెండోదానికీ ఉన్న తేడా అంతే.”

“షుంగో, కూర్చో.”

“ఒక్కసారి చూడండి.”

కిటికీ వైపు నడిచాడు. భుజాలు నిటారుగా పెట్టుకుని, ఏమీ కాలేదన్నట్టు, పక్కింటికి వెళ్లొచ్చేవాడిలా మామూలుగా నడవాలని ప్రయత్నించాడు.

ముందు భుజం కదిలింది. తల కదలలేదు. ఎడమకాలు వెనకాల వచ్చి, నేల తాకేముందు ఆగింది.

గదిలో వాన లేదు, వంతెన లేదు. చాప మీద మేజోళ్లతో ఒక మనిషి. అయినా ఊరంతా అతని వీపు మీద ఉంది. చినాత్సు చేతులు తమంతట తామే నోటి మీదికి వెళ్లాయి. చిన్నప్పుడు చీకటి హాల్లో ఇదే నడకను చూసి ఆమె ఏడ్చింది.

“ఇదే,” అన్నాడు అకుత్సు. “ఇదే కదా.”

రెన్‌జీ నడకను చూడలేదు. కాలిని చూశాడు. పాదం బయటికి తిరిగి ఉంది. కాలు రవంత పొట్టిగా ఉంది. అలాంటి కాలిని అతను ఇరవై ఏళ్ల కిందట రోజూ స్నానాల గది అద్దంలో చూశాడు.

“అది బెణుకు కాదు,” అన్నాడు.

షుంగో కిటికీ చట్రం పట్టుకుని నిలబడ్డాడు. “తెలుసు.”

“ఎప్పుడు?”

“గురువారం. కాలవలోకి దూకినప్పుడు. లోపల చప్పుడైంది.”

“ఎవరికైనా చెప్పావా?”

“చెయ్యి ఊపాను,” అన్నాడు షుంగో.

ఫుసయే ఒళ్లోంచి ట్రే జారిపోయింది.

షుంగో ఆమె వైపు చూడలేదు, గురువు వైపూ చూడలేదు. మెట్టు మీద కూర్చున్న భార్య వైపు తిరిగాడు. “చినాత్సూ, బుధవారం ఒక్కరోజు. అంతే. ఆ సాయంత్రమే ఎక్కడికి తీసుకెళ్లినా వస్తాను. ఏ డాక్టరు దగ్గరికైనా. ఈ మూడు రోజులూ నువ్వు ఎవరికీ...”

అతను ఆ వాక్యం పూర్తి చేయలేదు. ఏం అడుగుతున్నాడో, ఆ ఇంట్లో అంతకుముందు అది ఎవరు ఎవరిని అడిగారో అతనికి అప్పుడే తట్టింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

చినాత్సు తల్లి వైపు చూసింది.

“నన్ను చూడకు,” అంది ఫుసయే. “నన్ను చూసి నేర్చుకునేదేమీ లేదు.”

చినాత్సు లేచింది. బల్ల మీది ఫోను తీసుకుంది.

“వద్దు,” అన్నాడు షుంగో. “అంబులెన్సు వస్తే ఆ సీను పోయినట్టే. ఇంకొక్కసారి నాకు అది రాదు. కాలు బాగయ్యాక ఎలాగూ రాదు. ఇన్నేళ్లు ముఖం లేకుండా పడ్డాను, లేచాను. ఆ ఒక్కటి నాదనిపించుకోనీ.”

“నీ ముఖం నాకు తెలుసు,” అంది చినాత్సు. “అది చాలదా?”

అతను ఆమె చేతిలోని ఫోను వైపే చూశాడు. ఆ చూపు ఆమెకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ఆమె నంబరు నొక్కింది.

అకుత్సు నెమ్మదిగా లేచాడు. కోటు చేతి మీద వేసుకున్నాడు. “ఇంటి విషయాలు. నేనుండటం బాగుండదు. బయట కారులో ఉంటాను. మీరు మాట్లాడుకున్నాక నాకేం తెలియజేయాలో అది తెలియజేయండి.”

వంగి నమస్కరించి గుమ్మం వైపు నడిచాడు.

రెన్‌జీ కర్ర తీసుకోలేదు. గోడలు పట్టుకుంటూ అతని వెనకే వెళ్లాడు. అకుత్సు తలుపు తీయబోయేసరికి, ఆ తలుపు మీద రెన్‌జీ చెయ్యి ఉంది.

“షూటింగు ఆపగలిగినవాడివి నువ్వొక్కడివే,” అన్నాడు. “ఆ పిల్లవాడు మా మాట వినడు. నీ మాట వింటాడు. వద్దు అని ఒక్కమాట చెప్పు.”

“మకిమురా గారూ, కంపెనీవాళ్లు...”

“ఆనాడు ఎవరికీ తెలీదు. నేను దాచాను, నా ఖర్మ. మిమ్మల్నెవర్నీ నేను ఒక్కమాట అనలేదు. ఎందుకంటే మీకెవరికీ తెలీదు. ఇవాళ అలా కాదు. నువ్వు విన్నావు, చూశావు. కారులో కూర్చుంటే వినలేదని అయిపోదు.”

అకుత్సు తలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు. లోపలి గదిలో చినాత్సు ఫోనులో ఎవరికో ఇంటి గుర్తులు చెబుతోంది. మూలమీద మందుల షాపు, దాని పక్క సందు.

“శిరస్త్రాణం కొక్కేలు బిగించింది నేనే,” అన్నాడు అకుత్సు చివరికి. “బిగించేటప్పుడు నా చెవి మీ మెడ దగ్గర ఉండేది.”

రెన్‌జీకి ముందు అర్థం కాలేదు.

“రోజూ బిగించేవాణ్ణి,” అన్నాడు అకుత్సు. “లోపల మీరు మూలుగుతుంటే ఆనాడూ విన్నాను.”

తలుపు మీది చెయ్యి జారిపోయింది. లోపల, సందులో ఎన్నో ఇల్లో చెబుతున్న చినాత్సు గొంతు, ఆ మాట చెవిన పడ్డట్టు, ఉన్నట్టుండి ఆగిపోయింది.